కుట్టు మీద కోత

సోమవారం పొద్దున షెడ్డు ఓనరు ఒక చలికోటు తెచ్చి కోత బల్ల మీద విసిరాడు. ముదురు నీలం రంగు, లోపల మెత్తటి లైనింగు, మెడ దగ్గర ఒక విదేశీ కంపెనీ బిళ్ళ. దాన్ని తిరగేసి చంక దగ్గర కుట్లు చూపించాడు. అక్కడ ఒకసారి కోసి, మళ్ళీ కుట్టిన గుర్తు ఉంది.

"ఇది నగరంలో ఫుట్‌పాత్ మీద దొరికింది. అదీ ఎవరికి? కంపెనీ మనిషికే! ఇక్కడ కోతకొచ్చిన కోటు బజారుకెలా పోయింది? ఈ కోత ఎవరిది?" అని అరిచాడు.

సూపర్‌వైజరు సరాసరి వెళ్ళి పెద్దక్క మణికట్టు పట్టుకుని బల్ల దగ్గరికి ఈడ్చుకొచ్చాడు. యాభై నాలుగేళ్ళ మనిషిని! ఆవిడ చెప్పు ఊడిపోయి దారిలోనే ఉండిపోయింది. "ఇంత శుభ్రంగా కుట్టు మీద కోసేది ఈవిడొక్కతే సార్" అన్నాడు.

"నేను కోశాను బాబూ, అమ్మలేదు" అంది పెద్దక్క.

"కోసినదానివి అమ్మవా?" అన్నాడు ఓనరు.

నలభై మందిమి అక్కడే నిలబడి చూస్తున్నాం. ఒక్కొక్కరి చేతిలో మూరెడు కత్తెర ఉంది. నలభై కత్తెరలున్నాయి గానీ ఒక్క నోరు లేకపోయింది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎవరి మీద అంటారా, ముందు నా మీదే.

ఇది వింటున్నవాళ్ళలో కార్మికులున్నారు, చదువుకునే పిల్లలున్నారు. మా పనేమిటో ముందు మీకు చెప్పాలి, లేకపోతే నమ్మరు. మేం కొత్త బట్టలు కోస్తాం. చిరిగినవి కాదు, పాతవి కాదు, ఒక్క రోజైనా ఎవరి ఒంటి మీదా పడనివి. పై దేశాల కొట్లలో అమ్ముడుపోకుండా మిగిలిన కోట్లు ఓడల్లో మా దగ్గరికి వస్తాయి. ఈ ఏడు నీలం రంగు మోజు పోయిందట, వచ్చే ఏడు ఆకుపచ్చ అట. అందుకని నీలం కోట్లన్నీ చావాలి. వాటిని పనికిరాకుండా కోసి మూటలు కడితే, పీచు లాగే మిల్లుకి పోతాయి. సగం ధరకి అమ్మొచ్చు కదా, ఊరికే ఇవ్వొచ్చు కదా అని మీరడుగుతారు. మేమూ అడిగాం. అలా చేస్తే కంపెనీ పరువు పోతుందట. మాలాంటివాళ్ళు తొడుక్కుంటే ఆ కోటు విలువ పడిపోతుందట. సూపర్‌వైజరు ఈ మాట చలికి గజగజ వణుకుతూ చెప్పాడు. పాపం, ఆయన ఒంటి మీదా కోటు లేదు.

ఇంకో సంగతి చెబితే నవ్వాలో ఏడవాలో మీ ఇష్టం. ఇదే షెడ్డు పన్నెండేళ్ళపాటు కుట్టు ఫ్యాక్టరీ. ఇదే కంపెనీకి ఇవే కోట్లు మేమే కుట్టాం. నేను కాజాలు తీసేదాన్ని. పెద్దక్క నమూనాల టైలరు, కొత్త రకం ఏది వచ్చినా మొదటి కోటు ఆవిడ చేతి మీదే పుట్టేది. తర్వాత మాకంటే చవగ్గా కుట్టే చేతులు ఇంకో దేశంలో దొరికాయి. వారం రోజుల్లో మిషన్లన్నీ లారీలెక్కాయి. రెండేళ్ళు ఇళ్ళల్లో అంట్లు తోమి, ఇటుకలు మోసి ఎలాగో బతికాం. ఒకరోజు గేటు తీశారు, పనికి మనుషులు కావాలన్నారు. మిషన్లు తిరిగొచ్చాయని గంపెడాశతో పరిగెత్తాం. లోపల మిషన్లు లేవు. చేతికి కత్తెర ఇచ్చారు.

కోతకి ఒక రూలుంది. గుడ్డకి అడ్డంగా, ఛాతీ మీదుగా ఒకటి, వీపు మీదుగా ఒకటి కోయాలి. కుట్టు మీద కోయకూడదు, ఎందుకంటే కుట్టు మీద కోసింది మళ్ళీ కుట్టుకోవచ్చు. రూలు బాగానే ఉంది గానీ, కుట్టేవాళ్ళ చెయ్యి గుడ్డని కోయదండీ. తప్పు పడితే కుట్టు విప్పుతాం గానీ గుడ్డ జోలికి పోం. పన్నెండేళ్ళ అలవాటది. సూపర్‌వైజరు అటు తిరిగాడంటే కత్తెర దానంతటదే జరిగి కుట్టు మీదికి పోయేది. ఒకరికొకరు చెప్పుకుని చేసింది కాదు. పెద్దక్కకి ఆ అలవాటు మరీ ఎక్కువ, అంతే. ఆవిడది దొంగతనమైతే మా నలభై మందిదీ దొంగతనమే.

ఈ మాట ఆ సోమవారం ఒక్కరం అన్నా ఈ కథే ఉండేది కాదు.

అనలేదు సరికదా, ఇంకా ఘోరం చేశాం. మధ్యాహ్నం ఓనరు మమ్మల్ని ఒక్కొక్కరినే తన గదిలోకి పిలిచాడు. బల్ల మీద కాగితం ఉంది. పెద్దక్కకి చేతివాటం ఉందనీ, ఆవిడ కోట్లు దాచి బయటికి చేరవేయడం మేం కళ్ళారా చూశామనీ రాసి ఉంది. "గురువారం కంపెనీ మనిషి వస్తాడు. దొంగ దొరికిందంటే షెడ్డు ఉంటుంది, లేకపోతే తాళం పడుతుంది. సంతకం పెడితే పనిలోకి, లేదంటే గేటు అటుంది" అన్నాడు. నా వంతు వచ్చేసరికి ఇరవై రెండు సంతకాలు పడి ఉన్నాయి. ఆయన నా మొహం చూసి నవ్వాడు. "నువ్వు ఆవిడ తోడికోడలివి కదూ? నీ సంతకముంటే కాగితానికి బలం" అన్నాడు.

పెట్టాను. ఎందుకు పెట్టావని అడిగితే నా దగ్గర గొప్ప జవాబేం లేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి, అంతే.

అవును, షెడ్డులో అందరికీ పెద్దక్క, నాకు స్వయానా తోడికోడలు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. ముందు గది మాది, వెనక గది వాళ్ళది. బావగారు ఆ ఫ్యాక్టరీలోనే రంగుల సెక్షన్లో చేసేవాడు. ఇప్పుడు ఆయాసం, మంచం దిగాలంటే పెద్దక్క భుజం కావాలి. ఇంకెవరు పట్టుకున్నా లేవడు, అదొక మంకుపట్టు. ఆవిడ జైలుకి పోతే ఆయన ఇక ఆ మంచం దిగడని ఇంట్లో అందరికీ తెలుసు.

సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేసరికి పెద్దక్క కుళాయి దగ్గర కూర్చుని గిన్నెలు తోముతోంది. గురువారం దాకా పనిలోకి రావద్దన్నారు ఆవిడని. నాకు ఆవిడ ముందుకు వెళ్ళడానికి మొహం చెల్లలేదు. గుమ్మంలోనే నిలబడి, "అక్కా, నేనూ పెట్టాను" అన్నాను.

గిన్నె కింద పెట్టింది. "ఎన్నోదానివి?" అంది.

"ఇరవై మూడు."

"పర్లేదులే, మధ్యలో ఉన్నావు, కనపడవు" అంది.

నేను భోరుమన్నాను. "నువ్వేడుస్తావేంటే? ఏడవాల్సినదాన్ని నేను" అని కసిరింది. మళ్ళీ గిన్నె చేతిలోకి తీసుకుంది గానీ తోమలేదు. "నీ స్థానంలో ఉంటే నేనూ పెట్టేదాన్నేమో. నాకు భయంగా ఉందే పిల్లా. లోపల కొడతారంటావా?" అని అడిగింది. ఆవిడ చేతిలోంచి గిన్నె లాక్కుని నేను తోమాను.

బుధవారం సాయంత్రం మా ముందు గదిలో మీటింగు పెట్టాం. గది నిండిపోయి సగం మంది సందులో నిలబడ్డారు. సెక్రటరీ వచ్చాడు. ఫ్యాక్టరీ రోజుల్లో యూనియను సెక్రటరీ ఆయన. యూనియను పోయింది, మిషన్లు పోయాయి, ఆయనకి ఆ పేరొక్కటే మిగిలింది.

"ఇందులో ఆలోచించేదేముంది? రేపట్నుంచి పని ఆపేద్దాం" అన్నాడు.

గోడకానుకుని కూర్చున్న గయ్యాళి లేచింది. ఆ పేరు వెనక పిలుచుకునేది, ఎదురుగా అయితే అందరం వదినా అంటాం. "ఏం ఆపుతావయ్యా? కుట్టే రోజుల్లో ఆపితే వాడి ఓడ ఆగేది, వాడి కొట్టు బోసిపోయేది. ఇప్పుడు మనం చేసేదేంటి? పాడు చెయ్యడం. అది చెయ్యనంటే వాడికేం పోయింది? ఒక్క అగ్గిపుల్ల గీస్తే సరి. మన చేతులతో వాడికిప్పుడు అవసరమే లేదు, తెలుస్తోందా?"

నలభై ఏళ్ళుగా మీటింగుల్లో మాట్లాడినవాడు సెక్రటరీ, ఆయనే నీళ్ళు నమిలాడు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచాడు. అలా మాకందరికీ ఒకేసారి కాళ్ళ కింద నేల జారినట్టయింది. పని చెయ్యకపోవడమొక్కటే మా దగ్గరున్న ఆయుధం, అదీ పనికిరాదని తేలిపోయింది.

అప్పుడు గుమ్మంలోంచి మా ఆయన గొంతు సవరించుకున్నాడు. షెడ్డులో మూటలు ట్రాలీలో వేసి దింపే పని ఆయనది. మీటింగుల్లో ఎన్నడూ నోరెత్తని మనిషి.

"అడ్డంగా కోసిన మూటలు మిల్లుకి పోతాయి. కుట్టు మీద కోసినవి సూపర్‌వైజరు ఏరి విడిగా కట్టిస్తాడు. వాటిని ఓనరు బావమరిది గోడౌన్లో దింపుతాను. అక్కడ నలుగురు టైలర్లు కూర్చుని కుడుతుంటారు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏడాదై ఉంటుంది."

"ఏడాది నుంచి మోస్తూ ఇప్పుడా చెప్పేది?"

"నన్నెవరడిగారు? మూటంటే మూటే అనుకున్నాను."

"నీ మొహం మండ" అంది గయ్యాళి. ఆ పరిస్థితిలో కూడా అందరం నవ్వాం.

నవ్వు ఆగాక గానీ అసలు విషయం బుర్రకెక్కలేదు. సూపర్‌వైజరు రోజూ అన్నిసార్లు అటు ఎందుకు తిరిగేవాడో అప్పుడు తెలిసింది. మా అలవాటు వాళ్ళకి ముందే తెలుసు. మా చేతులకి గుడ్డ మీదున్న జాలిని కూడా అమ్ముకున్నారు. ఇప్పుడు పట్టుబడేసరికి పెద్దక్కని ముందుకు తోశారు. సెక్రటరీకి ప్రాణం లేచొచ్చింది. "ఇంకేం! కంపెనీ మనిషికే చెబుదాం. విదేశం వాడు, వాళ్ళకి పద్ధతులుంటాయి. దొంగెవడో చెబితే వినక ఏం చేస్తాడు?" అన్నాడు. మేమూ నమ్మాం. ఇంకేదో ఒకటి నమ్మకపోతే ఆ గదిలోంచి లేచి వెళ్ళేలా లేం.

గురువారం కంపెనీ మనిషి వచ్చాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. కోపం లేదు, గర్వం లేదు, కనపడిన ప్రతివాళ్ళకీ నవ్వుతూ తలూపాడు. కూడా మాటలు తిప్పి చెప్పే ఒకమ్మాయి వచ్చింది. పెద్దక్కనీ పిలిపించారు. గేటు బయట పోలీసు జీపు అప్పటికే ఆగి ఉంది. ఓనరు అన్నీ ముందే సర్దుకున్నాడన్నమాట.

గయ్యాళి ముందుకెళ్ళి మూటల సంగతి, గోడౌను సంగతి, టైలర్ల సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మా ఆయన గోడౌను గుర్తులు కూడా చెప్పాడు. ఓనరు మొహం మాడిపోయింది. ఆ అమ్మాయి ఇంత కథనీ రెండు ముక్కల్లో చెప్పేసింది. కంపెనీ మనిషి శ్రద్ధగా విని ఏదో అన్నాడు. "ఎవరు అమ్మారన్నది మీ ఊరి గొడవట. షెడ్డులో కోత రూలు ప్రకారం జరుగుతోందా లేదా, అదొక్కటే ఆయన చూసుకోవాలట" అంది ఆ అమ్మాయి. ఆమె గొంతు కూడా చిన్నబోయింది. మా ఆశకి అక్కడితో నీళ్ళు వదిలేశాం.

ఓనరుకి ఊపిరి ఆడింది. "మీ కళ్ళముందే తేల్చేద్దాం సార్. ఒక్కొక్కరూ వచ్చి ఒక కోటు కోస్తారు. రూలు తెలిసినవాళ్ళు అడ్డంగా కోస్తారు. దొంగ చెయ్యి కుట్టు మీదికి పోతుంది" అన్నాడు. కంపెనీ మనిషికి ఇది నచ్చింది. ఫోను బయటికి తీశాడు.

మొదటి ముగ్గురూ అడ్డంగా కోశారు. గుడ్డ చిరిగే చప్పుడు షెడ్డంతా వినపడింది. వాళ్ళని తప్పు పట్టను, ముగ్గురిలో ఒకామెకి చంటిపిల్ల. నాలుగోదాన్ని నేను. కోటు నా ముందు పరిచారు. కాలరు మూల ఎంత చక్కగా తిరిగిందో! ఇది మేం కుట్టింది కాదు. మా తర్వాత చవగ్గా దొరికిన ఆ దేశంలో ఎవతో కుట్టింది. రేపు ఆమెకంటే చవకైన చెయ్యి దొరికితే ఆమె చేతికీ కత్తెరే ఇస్తారు. పెద్దక్క వైపు చూశాను. "అడ్డంగా కోసెయ్, ఇల్లు చూసుకోవాలి" అన్నట్టు కళ్ళతోనే చెప్పింది. ఆవిడలా చూడకపోయి ఉంటే అడ్డంగానే కోసేదాన్నేమో.

కత్తెర చంక కుట్టు మీద పెట్టాను. ఇన్నాళ్ళూ అలవాటుగా చేసిన పని, ఆ రోజు కావాలని చేశాను. కోటు చెయ్యి ఊడదీసి బల్ల మీద పెట్టాను.

ఓనరు పళ్ళు కొరికాడు. ఐదోది గయ్యాళి. కుట్టు మీదే కోసింది. ఆరోది, ఏడోది, ఎనిమిదోది. ఇక ఎవరూ ఆగలేదు. చేతులు, జేబులు, కాలర్లు దేనికది విడివిడిగా, గుడ్డ మీద గాటు లేకుండా బల్ల నిండా పేరుకున్నాయి. చంటిపిల్ల తల్లి వెనక నుంచి తోసుకుంటూ వచ్చింది. "సార్, నాది తప్పు పడింది. నాకింకోటి ఇవ్వండి" అంది. కంపెనీ మనిషి అన్నిటినీ ఫొటోలు తీసుకుంటూ పోయాడు.

ఆఖరున పెద్దక్క. బల్ల ముందు నిలబడి కోటుని చేత్తో నిమిరింది. కత్తెర తీసుకోలేదు. "పన్నెండేళ్ళు కుట్టాను. ఒక్కటీ తొడుక్కుని చూడలేదు. తొడుక్కుంటే పనిలోంచి తీసేస్తామనేవాళ్ళు" అంది, ఎవరితోనో మామూలుగా కబుర్లు చెబుతున్నట్టు. చేతులు దూర్చి కోటు తొడుక్కుంది. కింద నుంచి పైదాకా ఒక్కొక్క గుండీ పెట్టుకుంది. నావైపు తిరిగి, "ఎంత వెచ్చగా ఉందే పిల్లా!" అంది. కోటు అలాగే వేసుకుని తిన్నగా గేటు వైపు నడిచింది.

"చూశారా, చూశారా! కళ్ళముందే దొంగతనం!" అని ఓనరు గంతులేశాడు. పోలీసులు జీపు దిగి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు. అప్పుడు మాకు నోరొచ్చింది. నలభై మందిమీ జీపుకి అడ్డం పడుకున్నాం. జుట్టు పట్టి లాగారు, లాఠీలతో పొడిచారు, ఒకరిని లాగితే ఇంకొకరం దొర్లుకుంటూ వచ్చాం. ఎంతసేపు ఆపాం? పావుగంట. జీపు వెళ్ళిపోయింది. వెనక అద్దంలోంచి నీలం కోటు కనపడింది, అంతే.

కంపెనీ మనిషి కారెక్కబోతూ మా దగ్గర ఆగి, సారీ అన్నాడు. ఆ ఒక్క మాట తిప్పి చెప్పనక్కర్లేకుండా అర్థమైంది. ఈ షెడ్డుతో ఒప్పందం రద్దట. మిగిలిన కోట్లన్నీ కొలిమికి పంపి కాల్చేస్తారట. "మీ నోటి దగ్గర కూడు మీరే కాలదన్నుకున్నారు కదర్రా" అని ఓనరు తిట్టాడు. గేటుకి తాళం పడింది. మూడో రోజున లారీలొచ్చి కోట్లు ఎత్తుకుపోయాయి. ఆపడానికి వెళ్ళాం, ఆపలేకపోయాం. గయ్యాళి అన్నట్టు, ఒక్క అగ్గిపుల్లతో అయిపోయింది.

మేం స్టేషనుకి పోయాం. మా అక్కని వదలమన్నాం. ఎస్సై సొరుగులోంచి కాగితం తీసి మా ముందు ఆడించాడు. "దొంగని మీరే పట్టించి మీరే వదలమంటారేంటి? నలభై సంతకాలు! దీని మీదే జైలుకి పంపాను" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కోటు తొడుక్కున్నందుకు కాదు, మా చేతిరాత మీద పోయింది ఆవిడ లోపలికి.

"అందులో ఉన్నది అబద్ధం. మా సంతకాలు మాకిచ్చెయ్యండి, నిజం రాసిస్తాం" అంది గయ్యాళి.

"పెట్టిన సంతకం వాపసివ్వడం ఉండదు. పోండి" అన్నాడు.

పోలేదు. రోజూ పొద్దున వచ్చి స్టేషను ఆవరణలో కూర్చున్నాం. రేపు రమ్మన్నారు, సార్ లేరన్నారు, రెండుసార్లు లాఠీలతో తరిమారు. ఇంటి దగ్గర బావగారు మంచం దిగలేదు. నేను పట్టుకుంటే భుజం విదిలించుకుని, "వచ్చిందా?" అని అడుగుతాడు. రోజూ అదే ప్రశ్న, రోజూ నేను తల అడ్డంగా ఊపడమే. నలభై మందిమి ముప్పై ఒకళ్ళమయ్యాం. రానివాళ్ళని నేనేమీ అనను, వాళ్ళు పని వెతుక్కోవాలి. మేం కూర్చుంటే ఆవిడ బయటికొస్తుందని ఎవరూ మాకు చెప్పలేదు. సెక్రటరీ కూడా చెప్పలేదు. ఆయన రోజూ వచ్చి మా పక్కన కూర్చుంటాడు, అంతే.

పదకొండో రోజున మా గోల పడలేక, స్టేషనులో కాగితాలు రాసే రైటరు బయటికొచ్చాడు. "ఒక్కొక్కరే రండి. కానీ ముందే చెబుతున్నా, అప్పుడు రాసింది అబద్ధమని ఒప్పుకుంటే తప్పుడు సాక్ష్యం కింద మీ మీదా కేసు పడుతుంది. జైలుకి పోతారు. ఎవరొస్తారు ముందు?" అన్నాడు.

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నాకు భయం వేసింది. బావగారు గుర్తొచ్చాడు, మా ఆయన గుర్తొచ్చాడు. లేచాను.

లోపల బల్ల ముందు నిలబెట్టాడు. పేరడిగాడు, చెప్పాను. ఆవిడ నీకేమవుతుందన్నాడు, మా అక్క అన్నాను. "సరే, ఆవిడ దొంగ కాదంటావు. మరి దొంగెవరో తెలుసా?" అన్నాడు వెటకారంగా.

"తెలుసు. రాసుకోండి" అన్నాను. ఓనరు పేరు చెప్పాను, వాడి బావమరిది పేరు చెప్పాను, మెడ దగ్గర బిళ్ళ మీదుండే ఆ కంపెనీ పేరు అక్షరం అక్షరం విడదీసి చెప్పాను. మూడో పేరు దగ్గర రైటరు కలం ఆగిపోయింది. తలెత్తి నావైపు చూశాడు.

కిటికీ బయట నుంచి గయ్యాళి గొంతు గట్టిగా వినపడింది. "ఆగావేంటయ్యా, రాయి! ఇంకా ముప్పై మందిమి ఉన్నాం."